పద్మావతి మేడం ఒప్పుకున్న తప్పు

ఇవాళ పొద్దున ఒక పాచ్‌ని ప్రింటు తీశాను. ఆ వేడి కాగితం వాసన తగలగానే ఇనుప గనుల ఊరు బచేలిలోని మా పాత కంప్యూటర్ గది, కిటికీ పక్కన ఎర్రపెన్నుతో కూర్చున్న పద్మావతి మేడం గుర్తుకొచ్చారు. ప్రోగ్రాంలో చేయదలచిన మార్పులను పాచ్ అంటారు. దాన్ని ఇంకొకరు చదివి ఒప్పుకున్నాకే అసలు ప్రోగ్రాంలో కలుపుతారు. అలా చదవడం నాకు నేర్పింది ఆవిడే.

ఆవిడది బొబ్బిలి, నాది సరిహద్దు పల్లె తర్లగూడ. గనులకు కంప్యూటర్ పనులు చేసిపెట్టే ఒక చిన్న సంస్థలో ఆవిడ ఇన్‌చార్జి, నేను కొత్తగా చేరినదాన్ని. బయటంతా హిందీ, గదిలో మా రెండు రకాల తెలుగు. నేను "ఏంది మేడం" అంటే ఆవిడ "ఏటమ్మా" అని పలికేవారు. తెర మీద కళ్లు జారిపోతాయని పాచ్‌లన్నీ కాగితం మీదే చదివేవారు. ఒక్కో లైనూ ఏం చేస్తుందో నా చేత తెలుగులో చెప్పించేవారు. చెప్పలేకపోతే అది నీకింకా అర్థం కాలేదన్నమాటే అనేవారు.

ఖనిజాన్ని మోసే బెల్టు దగ్గరి కంప్యూటర్లో, సెన్సార్ల కొలతలు చదివే చిన్న ప్రోగ్రాం ముక్క ఒకటి ఉండేది. కంప్యూటర్ గుండెకాయలాంటి కెర్నెల్‌కు తగిలించే ఇలాంటి ముక్కలే మాడ్యూళ్లు. అవి ఎప్పుడు తగులుకున్నాయో, ఎప్పుడు ఊడిపోయాయో కనిపెట్టి రాసిపెట్టే ట్రేసింగ్ టూల్‌ను మేడమే తయారుచేశారు.

ఒకసారి బెల్టు ఆగిపోయింది. తెర మీద కొలతలు మాయమయ్యాకే భయపడి ఆపానని ఆపరేటర్ సోమయ్య చెప్పాడు. ఉసూర్ అడవుల వైపు మనిషి, మాట తక్కువ. టూల్ రాసిన చిట్టాలో మాత్రం అతను బటన్ నొక్కిన తర్వాతే కొలతలు చదివే మాడ్యూల్ ఊడినట్టుంది. అకారణంగా ఆపాడని అతన్ని డ్యూటీ నుంచి తప్పించారు.

నెల తర్వాత అదే టూల్‌కు నేనొక పాచ్ రాశాను. చిట్టా కాస్త తీరుగా కనిపించాలన్నదే నా ఉద్దేశం. మేడం మూడో పేజీలో ఆగిపోయారు.

"ఈ లైను ఎందుకు మార్చినావు?"

పాత లైను, మాడ్యూల్ ఊడిన సమయం కాక, ఆ సంగతిని ఫైల్లోకి రాసిన సమయం వేస్తోందని చెప్పాను. చెబుతుండగానే సోమయ్య గుర్తొచ్చి నోరాగిపోయింది.

"ఆగకమ్మా, సెప్పు. ఆ లైను రాసింది నేనేగా."

కంప్యూటర్‌కు పని ఎక్కువైతే ఆ రాత కొన్ని సెకన్లు ఆలస్యం కావచ్చన్నాను. ఆవిడ పక్కనున్న ఖాళీ కంప్యూటర్లో పాత టూల్ నడిపి, దాని మీద పని భారం పెంచి, మాడ్యూల్‌ను తానే తీసేశారు. మొదటిసారి తేడా రాలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ మళ్లీ మళ్లీ నడిపారు. ఐదోసారి చిట్టా ఆరు సెకన్లు వెనకబడింది.

నా పాచ్‌ను మామూలుగా కలిపేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఆ మాట నోరు జారి అన్నాను కూడా. ఆవిడ కోప్పడలేదు. ఆ చిట్టాను నమ్మరాదనీ, తప్పు తన రాతలోదేననీ మధ్యాహ్నం లోపు హిందీలో ఉత్తరం రాసి, సంతకం పెట్టి, స్వయంగా గని ఆఫీసుకు తీసుకెళ్లారు.

సోమయ్యను వారంలో పనిలోకి తీసుకున్నారు. మేడం నుంచి ఇన్‌చార్జి బాధ్యత తీసేశారు. గది తాళాలు కొత్తాయనకిచ్చి ఆవిడ నా ఎదురు బల్ల దగ్గరికి మారారు. నేను ఆ పాచ్ రాయకుండా ఉంటే బాగుండునని చాలా రోజులు కుమిలిపోయాను.

ఒకరోజు సోమయ్య అడవిలో ఏరిన తునికి పండ్లు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. మేడం లేచి నిలబడి, తనను క్షమించమన్నారు. అతను ఇబ్బందిపడి తల దించుకున్నాడు. పండ్లు బల్ల మీద పెట్టి అడిగాడు.

"మీరు చెప్పకపోతే ఎవలకు ఎరుకైతది మేడం?"

"నాకు తెలుసు కద బాబూ," అన్నారావిడ.

ఆవిడ పోయి రెండేళ్లయింది. నేనిప్పుడు ఎక్కడెక్కడివాళ్లో పంపే పాచ్‌లు చదువుతుంటాను. పోయిన నెల ఒకరు నా రాతలోనే తప్పు చూపించి, తామే పొరబడి ఉండవచ్చని బెరుగ్గా రాశారు. నా ముఖం వేడెక్కిన మాట నిజం. మేడంలాగా వెంటనే లేచి నిలబడేంత గుండె నాకింకా రాలేదు. ఒక గ్లాసు టీ తాగేంత సేపు పట్టింది. తర్వాత, పొరబడింది నేనేననీ, దానివల్ల ఎవరికి ఏమై ఉంటుందో వెతుకుతున్నాననీ జవాబు రాశాను.