మార్కర్ మూత

మార్కర్ మూత తీయగానే వచ్చే ఘాటు వాసనకు ఇప్పటికీ నా గుండె గంతులు వేస్తుంది. ఈ ఉదయం వరంగల్ ఆఫీసులో కొత్త టీమ్ కోసం తెల్లబోర్డు సిద్ధం చేస్తూ మూత తీశాను. వెంటనే గ్రేస్ అక్క గుర్తొచ్చింది.

టీమ్ పని సాఫీగా సాగేలా చూసే స్క్రమ్ మాస్టర్‌గా ఆమె మాకు వచ్చేనాటికి నేను టీమ్ లీడ్‌ని. అందరికంటే ముందే ఆఫీసుకు వచ్చి, ఎవరు ఏ పని ఎప్పటికి చేయాలో చీటీల మీద రాసి బోర్డుకు అంటించేవాణ్ణి. అదే బాధ్యత అనుకునేవాణ్ణి. మొదటి రోజే ఆమె బోర్డు ముందు ఆగిపోయింది.

“గిన్ని చీటీల మీద ఒక్కటే చేతిరాత ఉన్నదేంది? మిగతావోళ్లకు రాయుడు రాదా?”

అందరూ నవ్వారు. “ప్లాన్ నేనే చేస్త మేడం,” అన్నాను.

“మేడం గీడం వద్దు, అక్క అను. ఏది ముందుగాల కావాల్నో చెప్పుడు రఘన్న పని. ఎవరేం చేస్తరో, ఎంత టైం పడ్తదో చెప్పుడు చేసేటోళ్ల పని. నడుమ నీకేం తొందర?”

రఘన్న మా ప్రొడక్ట్ ఓనర్. ధాన్యం మార్కెట్ వాళ్లతో మాట్లాడి ఏం కావాలో తేల్చేది ఆయనే.

“మరి నేనేం జెయ్యాలె?”

ఆమె నా చేతిలోని మార్కర్ తీసుకుని మూత మాత్రం మిగిల్చింది. “ఇది పట్టుకో. వాళ్లకు అడ్డమొచ్చింది తీసెయ్యి. రాసుడు వాళ్లు రాసుకుంటరు.”

అప్పుడు మేము రైతుల కోసం టోకెన్ యాప్ చేస్తున్నాం. ధాన్యం తూచే కాంటా దగ్గర వంతు రాగానే రైతు ఫోన్‌కు మెసేజ్ వెళ్లాలి. శుక్రవారం మార్కెట్లో చూపించాలి, నచ్చకపోతే ఆ పని మా చేయి జారినట్టే. ఆ వారం మధ్యలో వ్యాపారుల సంఘం పెద్దాయన నాకు ఫోన్ చేసి, చదువు రానివాళ్లకు మెసేజ్‌కు బదులు ఫోనే మాట్లాడితే బాగుంటుంది కదా అన్నాడు. “అయిపోతది సార్!” అనేశాను. రఘన్నకు చెప్పలేదు. యాప్ కోడ్ రాసే సునీలను అడగలేదు. ఆమె పేరున చీటీ రాసి బోర్డుకు అంటించాను.

మర్నాడు అందరం బోర్డు చుట్టూ నిలబడ్డాం. సునీల తన పేరున్న చీటీని వేలితో చూపించింది. “ఇది నేనెప్పుడు తీసుకున్న అక్కా?”

గ్రేస్ అక్క చేతిరాత చూసి నా వైపు తిరిగింది. “తమ్మీ, మూతేది?”

అది నా డ్రాయర్లో ఎక్కడో పడి ఉంది. జరిగింది చెప్పి, అందరి ముందే సునీలకూ రఘన్నకూ క్షమాపణ చెప్పాను. రఘన్న బోర్డు మీది చీటీలన్నీ చూసి, “ఫోన్ మాట్లాడుడు మంచిదే. నువ్వు చేస్తున్న రిపోర్టుల పేజీ ఆపుదాం. నీతోని అయితదా సునీలా?” అన్నాడు.

అలా ఆమెను అడిగినవాళ్లు అంతవరకూ లేరు. “రిపోర్టులు తీసేస్తే అయితది. గొంతు గూడ నాదే పెడ్త!” అంటూ ఆమె మార్కర్ గుంజుకుంది. నేను రాసిన చీటీ చింపి, కొత్తది తన చేత్తో రాసింది. మిగతావాళ్లు నేనంటే నేనంటూ సాయానికి ఎగబడ్డారు. మా బోర్డు దగ్గర అంత సందడి నేనెన్నడూ చూడలేదు.

శుక్రవారం మార్కెట్లో ఒక ముసలి రైతు చేతిలో ఫోన్ సునీల గొంతుతో పలికింది: “పెద్దయ్యా, మీ వంతొచ్చింది, రండి!”

ఆయన ఉలిక్కిపడి, “వస్తాన బిడ్డా, జర ఆగు!” అని ఫోన్‌కు జవాబిస్తూ కాంటా వైపు పరుగు తీశాడు. మేమంతా ఒక్కసారిగా కేకలు వేశాం. సంఘం పెద్దాయన నా భుజం తట్టాడు. “మాటిచ్చినవ్, నిలబెట్టుకున్నవ్!”

ఆ పొగడ్త నోటిదాకా తీపిగా వచ్చింది. మింగబోయి ఆగాను. “మాట నేనిచ్చిన సార్, ఎవర్నీ అడగకుంట. నిలబెట్టింది సునీల.” పక్కనే ఉన్న గ్రేస్ అక్క తన సంచిలోంచి చాయ్ ఫ్లాస్కు తీసి మొదటి కప్పు నాకిచ్చింది.

తర్వాత ఆమె వేరే ఊరికి వెళ్లిపోయింది. నా పాత గుణం పూర్తిగా పోయిందని చెప్పలేను. ఈ ఉదయం కొత్తగా చేరిన శ్రావణి, “సార్, నా పేరు మీద ఏం రాస్తరు?” అని అడిగితే నా వేళ్లు రాయడానికి లాగాయి. మార్కర్ ఆమెకిచ్చాను. ఆమె తటపటాయించి, చీటీలన్నీ చదివి, ఒకటి ఎంచుకుని పెద్ద అక్షరాలతో తన పేరు రాసుకుంది. మూత కోసం చెయ్యి చాపింది. అప్పుడు పిడికిలి విప్పాను. గట్టిగా పట్టుకున్నానేమో, అరచేతిలో దాని గుండ్రటి అచ్చు పడి ఉంది.