గాజుతొట్టిలో నోళ్లు తెరిచిన చేపలు

నా చిన్నప్పుడు, కోరుట్లలో నేను అయిదో తరగతి చదువుతున్న ఏడు, ఎదురింటివాళ్లు ఊరు విడిచి వెళ్లిపోతూ తమ చేపల తొట్టిని మా ఇంట్లో పెట్టి వెళ్లారు. అదేమంత పెద్దది కాదు. మూరెడు పొడవు, జానెడు వెడల్పు. ఇనుప చట్రంలో గాజు పలకలు బిగించి, సందుల్లో లప్పం పెట్టారు. అడుగున గులకరాళ్లు, ఒక మూల పచ్చని నాచు. అందులో ఆరు చేపలు, వేలి కణుపంతవి. వాటిని గప్పీలంటారని ఎదురింటి అమ్మాయే నాకు చెప్పింది. మగవాటి తోకలు పట్టుచీర కొంగుల్లా మెరిసేవి.

ఎదురింటివాళ్లది బీర్పూర్ వైపు ఒక పల్లె. ఆ ఊరికి వాళ్లు దొరలు. అవి నక్సలైట్ల రోజులు. వాళ్లుండే కోటలాంటి గడీ గోడ మీద ఎర్ర అక్షరాలు కనబడిన మరునాడే పొలాలన్నీ వదిలేసి కోరుట్లకు వచ్చి, మా ఎదురింటి మేడ అద్దెకు తీసుకున్నారు. ఏడాది తిరగకముందే ఇక్కడా భయమే అనిపించి హైదరాబాద్ బయలుదేరారు. వాళ్లమ్మాయిది నా ఈడే. ఆమెను వీధిలోకి పంపేవారు కాదు కాబట్టి నేనే మెట్లెక్కి వెళ్లి, ఆమె పక్కన కూర్చుని చేపలను చూసేదాన్ని. వాళ్లు వెళ్లే రోజు, జీపు ఎక్కబోతూ ఆగి నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్కటి గూడ పోగొట్టకు. మేం మళ్ల వస్తం గదా" అంది.

తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాను.

మా ఇంట్లో అమ్మ, బాపమ్మ, నేను, నా ఇద్దరు చెల్లెళ్లు ఉండేవాళ్లం. నాన్న భీవండిలో మరమగ్గాల మీద పనిచేస్తూ ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. అమ్మా, నాన్నను కన్న మా బాపమ్మా పొద్దంతా బీడీలు చుట్టేవాళ్లు. బాపమ్మకు ఉబ్బసం. మబ్బు పట్టిందంటే చాలు, గోడకు ఆనుకుని కూర్చుని, నోరు తెరిచి, బావిలోంచి నీళ్లు చేదినట్టు ఒక్కో ఊపిరినీ చేదుకునేది.

ఆ తొట్టి మా ఇంటికి రావడం ఆమెకు బొత్తిగా నచ్చలేదు. ఆమె పుట్టిల్లు ఆ దొరల ఊరే. "గడీ ముంగటికెళ్లి చెప్పులు చేతవట్టుకొని నడిచినోళ్లం. ఇప్పుడు వాళ్ల చేపలకు గూడ చాకిరి చెయ్యాల్నా?" అని ఆ రోజంతా గొణిగింది. నేను అన్నం మానేసి ఏడిస్తే, చివరికి కిటికీ పక్కన చిన్న బల్ల మీద దానికి చోటు దొరికింది. ఆ తరువాత బాపమ్మ దానివైపు చూసినట్టే ఉండేది కాదు.

గప్పీలు గుడ్లు పెట్టవని, పిల్లలనే కంటాయని నాకప్పటికి తెలియదు. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి నీళ్లలో కంటి రెప్ప వెంట్రుకల్లాంటివి కదులుతున్నాయి. సంతోషంతో వాడంతా పరుగెత్తి అందరికీ చెప్పాను. నెల తిరిగేసరికి మరికొన్ని పుట్టాయి. ఆ పిల్లలూ పెద్దవై కనడం మొదలుపెట్టాయి. వానాకాలం వచ్చేసరికి యాభై దాటాయి. పక్కింటి అక్క రెండు ఇమ్మని అడిగితే తొట్టికి అడ్డం నిలబడ్డాను. నా స్నేహితురాలు తిరిగి వచ్చేసరికి ఆరు చేపలు యాభై అయ్యాయని చూపించాలి. నా ఆలోచన అంతా అదే.

శ్రావణంలో నీళ్లు మసకబారాయి. వాసన మొదలైంది. మగచేపలు ఒకదాని తోక ఒకటి కొరుక్కునేవి. పొద్దున లేచి చూస్తే చేపలన్నీ పైకి చేరి, నీటి అంచున నోళ్లు తెరిచి మూస్తూ ఉండేవి. పాపం ఆకలేమో అనుకున్నాను. అటుకులు నలిపి వేశాను. గోధుమపిండి వేశాను. ఎంత పెట్టినా ఆ నోళ్లు మూతపడలేదు. రెండు చచ్చిపోయి తేలితే ఎవరికీ చెప్పకుండా పెరట్లో పూడ్చిపెట్టాను. నీళ్లు పాడై ఉంటాయని మొత్తం పారబోసి, అప్పుడే చేదిన బావినీళ్లు నింపాను. సాయంత్రానికి మరో ఐదు పోయాయి. ఇక దాచలేక తొట్టి ముందు కూలబడి ఏడ్చాను.

బాపమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే నన్ను చూసింది.

మరునాడు బంద్. బస్సుల్లేవు, బడి లేదు, దుకాణాలన్నీ మూసేశారు. ముసురు పట్టింది. బాపమ్మ చాట పక్కన పెట్టి, పెట్టెలోంచి మందపాటి దుప్పటి తీయించి, "రాండ్రి, కథ చెప్త" అని పిలిచింది. నేను, చెల్లెళ్లిద్దరు, పక్కింటి పిల్లలిద్దరు చేరాం. అందరినీ దుప్పటి కిందికి రమ్మంది. తానూ మా మధ్యలోనే కూర్చుని, చుట్టూ అంచులు లోపలికి మడిచి, మోకాళ్ల కింద నొక్కిపెట్టమంది.

మొదట కిలకిలా నవ్వుకున్నాం. కథ మొదలైంది. కాసేపటికి ఎవరి మోచెయ్యో నా డొక్కలో గుచ్చుకుంది. నేను తోశాను. చిన్న చెల్లి గిల్లింది. పక్కింటి పిల్ల ఎవరినో తన్నింది. మేం వదిలిన ఊపిరే వేడిగా మా ముఖాల మీదికి తిరిగొస్తోంది. నా నోరు దానంతటదే తెరుచుకుంది. అప్పుడు ఆ చీకట్లో బాపమ్మ చెయ్యి తడుముకుంటూ వచ్చి నా నోట్లో బెల్లం మరమరాల లడ్డు ముక్క పెట్టబోయింది.

"నోరు తెరిసినవు గదా. తిను బిడ్డా."

"నాకు లడ్డు వద్దు! గాలి గావాలె!" అని అరిచి దుప్పటి అవతలికి విసిరేశాను.

అందరం వెలుగులోకి వచ్చి పడ్డాం. బాపమ్మ గోడకు చేరగిలబడి రొప్పుతోంది. మాట రాలేదు. చెయ్యెత్తి తొట్టివైపు చూపించింది. చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఆమె నోరూ అచ్చంగా అలాగే ఉంది. నేను ఆమెను చూశాను, వాటిని చూశాను. అమ్మ పరుగెత్తుకొచ్చి వీపు రాసి, వేడినీళ్లు తాగించాక గానీ ఆమె తేరుకోలేదు.

"గవ్విటికి ఆకలి కాదు బిడ్డా, ఆయాసం. నాకెరుక గా నోరు తెరుసుడు. నువ్వు తిండేస్తున్నవు, గా తిండి మురిగి ఉన్న గాలి గూడ పోతున్నది" అంది.

చెల్లి ఇంకా ఏడుస్తూ, నేనే ముందు తోశానని ఫిర్యాదు చేసింది. బాపమ్మ దాన్ని దగ్గరికి లాక్కుని, "మీరంత మంచోళ్లే బిడ్డా. దుప్పటే చిన్నది" అంది.

చేపలను ఎవరికైనా ఇచ్చేద్దామని ఆమె అంటే మాత్రం నాకు మళ్లీ ఏడుపొచ్చింది. ఒక్కటి కూడా పోగొట్టనని ఒట్టేశానని చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని నిమ్మళంగా చెప్పింది. "పోగొట్టుడు యేరు, ఇచ్చుడు యేరు. ఇయ్యకపోతెనే పోతయ్."

వాన తెరిపి ఇవ్వగానే ఇద్దరం బయలుదేరాం. నేను చేపలున్న చిన్న బిందె పట్టుకున్నాను. పది అడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ ఆమె నడిచింది. బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒక్కో అరుగు మీద నలుగురైదుగురు కూర్చునేవాళ్లు. వాళ్ల పెరళ్లలో నీళ్లు నిలవచేసే పెద్ద మట్టి గోలాలుండేవి. "మీ గోలెంల దోమపిల్లలు లేవా? ఇవ్వి తింటయ్" అని ఒక్కో ఇంట నాలుగైదు చేపలు వదిలించింది. అంతకుముందు అడిగితే నేను ఇవ్వనన్న పక్కింటి అక్క దగ్గరికే ముందు తీసుకెళ్లింది. నేను తల దించుకుని బిందె చాచాను. ఆమె నవ్వి, ఎర్ర తోకదాన్ని ఏరుకుంది.

ఇంటికొచ్చాక తొట్టిలో ఉన్న నీళ్లు సగం ఉంచి, ముందురోజు కడవలో పట్టి ఉంచిన నీళ్లు కొంచెం కొంచెంగా పోయించింది. "ఒక్కపారి అంత మారిస్తే మనిషే తట్టుకోడు" అంది. అందులో ఆరే మిగిల్చాం. పొద్దున లేచి భయపడుతూ చూశాను. నీటి అంచున ఒక్క చేపా లేదు. ఒకటి నాచులో తిరుగుతోంది. రెండు గులకరాళ్ల మీద ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. ఈ చేపలకు ఇంత ఈత వచ్చని ఆ పొద్దుననే నాకు తెలిసింది.

నా స్నేహితురాలికి జరిగిందంతా ఉత్తరం రాశాను. చచ్చిపోయినవాటి సంగతీ దాచలేదు. ఇరవై రోజులదాకా జవాబు రాకపోతే ఇక మాట్లాడదని అనుకున్నాను. వచ్చింది. ఎర్ర తోకది ఎవరింట్లో ఉంది, నల్ల చుక్కది ఎవరింట్లో ఉంది అని అడిగింది. ఉన్న ఏడాదిలో మా వాడలో ఒక్క గడప తొక్కని పిల్ల, ఆ తరువాతి ఉత్తరాల్లో ప్రతి ఇంటినీ పేరుపేరునా అడిగేది. పుట్టిన పిల్లలను పుట్టినట్టే పంచుతూ, ఎవరికిచ్చానో రాస్తూ వచ్చాను. వాళ్లు తిరిగి రాలేదు గానీ పదో తరగతి దాకా ఉత్తరాలు నడిచాయి.

ఆ మొదటి జవాబు చివర, "మీ బాపమ్మ గారికి మా అమ్మ నమస్కారం చెప్పమన్నది" అని ఉంది. నేను చదివి వినిపించాను. బాపమ్మ చుడుతున్న బీడీ ఆపింది.

"ఏమన్నది? మళ్ల సదువు" అంది.

మళ్లీ చదివాను. ఆమె లేచి, తొట్టి మీద పడుతున్న ఎండకు అడ్డంగా కిటికీ రెక్క దగ్గరికి వేసింది.

ఇప్పుడు నాకు ఆమె వయసు దగ్గరపడింది. ఎవరైనా నా ముందు దిగాలుగా నోరు తెరిస్తే వెంటనే ఏదో ఒకటి పెట్టబోయే అలవాటు నాకూ ఉంది. ఆ దుప్పటి చీకటి గుర్తొచ్చి చెయ్యి ఆపుకుంటాను. మా అమ్మాయికి జగిత్యాలలో తొలికాన్పు అయినప్పుడు గది నిండా చుట్టాలు. ఒకరు పాలు తాగమంటారు, ఒకరు బిడ్డను ఎత్తుకోమంటారు, ఒకరు దిండు సర్దుతారు. అందరూ ప్రేమగలవాళ్లే. మంచం మీద మా అమ్మాయి ఏదో అనబోయి నోరు తెరిచి, అనలేక మూసింది. నేను లేచి అందరినీ మెల్లగా బయటికి పంపాను. కిటికీ తెరిచాను. ఆమె నుదుటి మీద ఒక్కసారి చెయ్యి వేసి, తలుపు దగ్గరికి వేసి, నేనూ బయటికి వచ్చేశాను.