తడిసిన చెప్పులు

ఆఫీసులో అందరూ ఆవిణ్ణి నీళ్ళక్క అంటారు. ఊరికి రేపటి తాగునీళ్ళు నేలలో ఎక్కడున్నాయో వెతకడం ఆవిడ ఉద్యోగం. తీరా చూస్తే ఆవిడ ఇంట్లోనే నీళ్ళకి కటకట. ట్యాంకర్ రాగానే వాళ్ళమ్మ ఆ మోకాళ్ళ నొప్పులతోనే మూడంతస్తులు బిందెలు మోస్తుంది, ఒక్క చుక్క తొణకనివ్వదు. అందుకే వాళ్ళ వీధి కోసం వేసిన కొత్త బోరు మీద నీళ్ళక్క ఆశలన్నీ పెట్టుకుంది.

పరీక్ష తేలికే. మోటారు ఆపకుండా నడపాలి, లోపల నీటిమట్టం దిగి దిగి ఒకచోట నిలబడితే బోరు పాసు. మట్టం చూసే టేపు నీళ్ళు తగలగానే కుయ్‌మంటుంది. ఆరోజు మట్టం కాస్త దిగి అక్కడే భీష్మించుకు కూర్చుంది. ఇక నీళ్ళక్కకి పట్టపగ్గాల్లేవు. టేపుతోపాటు తనూ కుయ్ కుయ్‌మంటూ మోటారు షెడ్డు చుట్టూ చక్కర్లు కొట్టి, అమ్మకి ఫోన్ చేసింది.

"అమ్మా, బిందెలకి ఇక సెలవిచ్చెయ్."

"నీ నోట్లో చక్కెర పొయ్య," అంది అమ్మ.

ఫోన్ పెట్టేశాక చూసుకుంటే చెప్పులు తడిసి ముద్దయి ఉన్నాయి. నెర్రెలిచ్చిన ఈ నేలలో తడేమిటని షెడ్డు వెనక్కి వెళ్ళింది. మోటారు నడిపే బాబాయ్ అక్కడ గొయ్యి తవ్వి, తోడిన నీళ్ళు పోయే పైపుని అందులోకి తిప్పేశాడు.

"అన్ని నీళ్ళు కాలవపాలు చెయ్యడానికి మనసొప్పలేదమ్మాయ్. నేలవి నేలకే ఇచ్చేద్దామని."

"పొద్దుట్నించీ అవే నీళ్ళు తోడుతున్నాం బాబాయ్. ఇటు పోస్తుంటే అటు బోరులోకే దిగుతున్నాయి, మట్టం అందుకే నిలబడింది."

ఆవిడకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, చివరికి నవ్వే గెలిచింది. ఇంటికెళ్ళి తడిసిన చెప్పుల సంగతి అమ్మకి చెప్పింది.

"పోన్లేవే," అని అమ్మ బిందె ఎత్తుకుంది.

మట్టం మొదటికొచ్చేదాకా ఆగి, పైపులు దూరంగా కాలవదాకా పరిచి, మళ్ళీ మొదలెట్టారు. ఈసారి మట్టం దిగింది, ఇంకా దిగింది. నీళ్ళక్క గుండె కూడా దానితోపాటే జారింది. మర్నాటికి దిగడం నెమ్మదించింది. మధ్యాహ్నానికి ఒక గీత దగ్గర కుయ్, కాసేపాగి చూస్తే అక్కడే కుయ్, మళ్ళీ అక్కడే. బాబాయ్ భుజం మీది తువ్వాలు గాల్లోకి విసిరి, పట్టుకోవడం మర్చిపోయాడు.

"అమ్మా, నిలబడింది."

అవతల మెట్లమీద ఆయాసం. "చెప్పులు చూసుకున్నావా?"

నీళ్ళక్క వంగి చూసుకుంది. వేళ్ళ సందుల్లో కూడా దుమ్మే. "పొడిగా ఉన్నాయమ్మా. కుళాయి రావడానికి మాత్రం ఇంకో ఏడాది పడుతుంది."

"ఏడాదేగా, మోస్తాలే," అని అమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వుకి చంకలో బిందె తొణికి, నీళ్ళు మెట్లమీద జారిపోతున్న చప్పుడు ఫోన్లో వినిపించింది.