ఎర్రదారం కట్టిన మెమరీ ముక్క

పెన్సిలు గీత చెరిపాక కాగితం మీద మిగిలే రబ్బరు పొట్టు వాసన తగిలితే నాకు భ్రమరాంబ గారు గుర్తొస్తారు. ఇవాళ ఉదయం మనవరాలి గ్రాఫు కాగితం దిద్దుతుంటే అలాగే అయింది. పామర్రు, చల్లపల్లి వైపు నేతగాళ్లకు చీర అంచుల డిజైన్లు తయారుచేసే విజయవాడ కార్యాలయంలో ఆమె కంప్యూటర్ల అధికారి. ఆమె కింద నేను డిజైన్లు సరిచూసేదాన్ని. వయసులో నాకంటే చాలా చిన్నవారు. అయినా పని ఎలా చేయాలో నేను నేర్చుకున్నది ఆమె దగ్గరే.

డిజైనును మగ్గానికి ఎక్కించే అట్టల మీద చిల్లులుగా కొట్టించే మా కంప్యూటరు ఒక వేసవిలో మాటిమాటికీ ఆగిపోసాగింది. తెర నీలంగా మారి, కెర్నెల్‌లో లోపమని ఇంగ్లీషులో ఏదో చూపించి, మళ్లీ మొదటికి వచ్చేది. యంత్రానికీ మన ప్రోగ్రాములకూ మధ్య నిలబడి పని నడిపించేదే కెర్నెల్ అని ఆమే నాకు చెప్పారు. మా మేనేజరు శేషగిరి గారికి తెలిసిన వైద్యం ఒకటే. మూత విప్పి, మెమరీ ముక్క ఊడదీసి, దాని బంగారు రంగు అంచును పిల్లల రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టేవారు. కంప్యూటరు ఆన్ అయ్యేది. ఆయన చేతులు దులుపుకునేవారు.

ఆ రోజుల్లోనే చల్లపల్లి నుంచి నేతగాడు వీర్రాజు మా డిజైనుతో నేసిన చీర పట్టుకొచ్చాడు. అంచులో ప్రతి హంసకూ ముక్కు దగ్గర ఒక పోగు పక్కకు జరిగి ఉంది.

"నీకు చెయ్యి కుదరట్లేదయ్యా. కొత్త డిజైన్లు ఇక వేరేవాళ్లకిస్తాం" అన్నారు శేషగిరి గారు.

"అట్టల్లో ఏ చిల్లులుంటే మగ్గం అదే నేసుద్దండి. నా చెయ్యేం చేసుద్ది?"

"కంప్యూటరు కొట్టిన అట్టలు. అది పొరపాటు పడుద్దా?"

వీర్రాజు చీర బల్ల మీద పెట్టేశాడు. తండ్రి దగ్గర మగ్గం అందుకున్న మనిషి. కొత్త డిజైన్లు ఆగితే ఊళ్లో అతని పనితనానికి ఉన్న పేరు అక్కడితో పోతుంది.

భ్రమరాంబ గారు చీర మడత పెట్టి నావైపు తిరిగారు. "కామేశ్వరమ్మ గారూ, ఈ నీలం తెర ఎప్పణ్ణుంచండి?"

"రెండో మెమరీ ముక్క వేసిన మంగళవారం నుంచి." తారీఖులు నాకు నోటికి ఉంటాయని ఆమెకు తెలుసు.

"ఈ హంస?"

"ఆ గురువారం అంచు తగ్గించి మళ్లీ సేవ్ చేశాం."

"రోజుకో రకం తప్పు చూపిస్తోంది. మెమరీ మీదే నాకు అనుమానం. కానీ ఒకసారికి ఒకటే మారుద్దామండి. రెండు మారిస్తే ఏది చెడ్డదో తెలియదు."

ముక్కలను ఒక్కొక్కటిగా ఉంచి, మెమరీలో అంకెలు రాసి, తిరిగి చదివి సరిపోల్చే పరీక్ష నడిపారు. పాత ముక్కలో తప్పు లేదు. కొత్తదానికి తెరంతా ఎర్రగీతలు. "దొరికిందిగా" అన్నారు శేషగిరి గారు. "ముక్కదో, అది కూర్చున్న స్లాట్‌దో ఇంకా తెలియదండి" అని రెండింటినీ చోటు మార్చి మళ్లీ నడిపారు. ఎర్రగీతలు ముక్కతోపాటే వెళ్లాయి.

వేరే ముక్క వేయగానే నేను పని అయిపోయిందనుకున్నాను. ఆమె అనుకోలేదు. "యంత్రం బాగయింది. పాడైనప్పుడు అది రాసినవి బాగవలేదు కదండీ." ఆ మంగళవారం తర్వాతి డిజైన్లన్నీ చేతితో గీసిన అసలు కాగితాలతో పోల్చాను. హంస ఫైల్లో ముక్కు దగ్గర చుక్క జరిగి ఉంది, సరిగ్గా చీరలో పోగు జరిగినచోటే.

ఫోన్ చేస్తే సరిపోయేది. "ఎదురుగా అన్న మాట, ఎదురుగానే వెనక్కి తీసుకోవాలి" అని ఆమె శేషగిరి గారిని చల్లపల్లి బస్సెక్కించారు. నేనూ వెళ్లాను. మగ్గం ముందు నిలబడి ఆయన, "తప్పు మాదేనయ్యా. కొత్త డిజైన్లు నీకే" అన్నారు.

"కూర్చోండి బాబూ. ఆ ముక్కు చూసి మా ఆవిడ చిలకలు నేశావా అంది" అన్నాడు వీర్రాజు. అప్పుడుగానీ అతని ముఖంలో నవ్వు చూడలేదు నేను.

వీర్రాజుకు చూపించడానికి వెంట తెచ్చిన చెడ్డ ముక్కను ఎవరూ మళ్లీ రబ్బరుతో రుద్ది వాడకుండా, అక్కడి ఎర్రదారం అడిగి దానికి ముడివేసి నా చేతికిచ్చారు భ్రమరాంబ గారు. అది నా పెన్సిళ్ల పెట్టెలో రబ్బరు పక్కనే ఉంది. ఇంట్లో ఏది చెడినా ముందు ఎవరిదో పేరు నా నోటిదాకా వస్తుంది. ఆ దారం గుర్తొస్తుంది. పేరు మింగేసి, ఒకసారికి ఒకటే మార్చి చూడటం మొదలుపెడతాను.