కంట్లో పోసిన పాలు

మా ఆయన గుజరాత్‌లో, పల్సానా అనే చోట, ఒక బట్టల మిల్లులో కాస్టిక్ ట్యాంకు దగ్గర పనిచేసేవాడు. పాలిస్టర్ చీర ఒంటికి మెత్తగా తగలాలంటే బట్టను కాస్టిక్ సోడా నీళ్లలో మరిగించాలి. తెల్లటి రేకుల్లా ఉంటుందా సోడా. బస్తా కోసి రేకులను ట్యాంకులో గుమ్మరించడం ఆయన పని. పెళ్లయిన కొత్తలో ఆయన వేళ్లు పట్టుకుని, ఇంత నున్నగా ఉన్నాయేమిటని నవ్వాను. ఆధార్ సెంటర్లో ఆయన బొటనవేలును ఎన్నిసార్లు నొక్కినా మిషను ఒప్పుకోనప్పుడు నా నవ్వు పోయింది. వేలి గీతలన్నీ సోడా తినేసింది. ముక్కులోంచి నెత్తురు, పొద్దున లేస్తే గొంతు మంట, మోచేతుల మీద పుండ్లు. "గిది అందరికున్నదే" అనేవాడు. అందరికీ ఉంటే అది రోగం కాదట. ఇదెక్కడి న్యాయమో!

మా పాపకు అప్పుడు నాలుగో నెల. ఒక మధ్యాహ్నం నవాగామ్‌లో మా గది ముందు బైకు ఆగింది. నడిపింది మా మరిది, ఆయన చిన్నాన్న కొడుకు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ట్యాంకు. వెనక మా ఆయన కుడి కంటికి తువ్వాలు అదుముకుని వణికిపోతున్నాడు.

"వదినె, జల్ది పాలు పిండియ్యి! అన్న కండ్ల కాస్టిక్ చిమ్మింది!"

కంటికి ఏమైనా చనుబాలే మందు అని మావాళ్లలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. మిల్లులో మన తెలుగువాళ్లు ఎవరింట్లో బాలింత ఉందో కూడా గుర్తుపెట్టుకుంటారు. దెబ్బ తగిలినవాణ్ణి ఆ ఇంటికే తెస్తారు.

"నీళ్లతోటి కడిగిండ్రా?" అని అడిగాను.

"నీళ్లా! కాస్టిక్ మీద నీళ్లు పడితే కుతకుత ఉడుకుతది వదినె. రోజూ చూస్తలేమా? కండ్ల పోస్తే కన్ను ఉడికిపోదా?"

నాకు కూడా నిజమే అనిపించింది. పదో తరగతి చదివినదాన్ని, అయినా అనిపించింది.

ఉగ్గుగిన్నె తీసుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాను. భయానికి పాలు రావే! పక్కింటి పెద్దమ్మ నా వీపు నిమురుతూ "ఊపిరి తీస్కో బిడ్డా, వస్తయి" అంటోంది. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. గిన్నె అడుగు నిండేసరికి నాకు చెమటలు పట్టాయి. పెద్దమ్మ ఆయన రెప్పలు విడదీసి పట్టుకుంది, నేను పోశాను. "సల్లగుంది" అన్నాడాయన. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. నా పాలు నా మొగుడి కన్ను కాపాడాయని ఆ పూటంతా మురిసిపోయాను.

సాయంత్రానికి కన్ను ఉబ్బి మూసుకుపోయింది. అప్పుడు పరుగెత్తాం దవాఖానాకు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి గుజరాతీలో ఒకటే అడిగింది, ఎంతసేపు కడిగారని. కడగలేదు, పాలు పోశామని చెప్పాను. ఆవిడ తిట్టినా బాగుండేది. తిట్టకుండా నెమ్మదిగా విడమరిచి చెప్పింది. యాసిడ్ చాలావరకు పైనే కాల్చి ఆగుతుంది, కాస్టిక్ అలా కాదు, లోపలికి దిగుతూనే ఉంటుంది. బస్తాడు రేకుల మీద చెంబెడు నీళ్లు పడితే ఉడుకుతాయి, నిజమే. కంట్లో పడ్డ చుక్క మీద ధారగా అరగంట పోస్తే కొట్టుకుపోతుంది. పల్సానా నుంచి మా ఇంటికి వచ్చిన దారంతా, నేను గిన్నె పట్టుకుని కూర్చున్నంతసేపూ అది దిగుతూనే ఉందన్నమాట. ఇప్పుడు ఆయన నల్లగుడ్డు మీద తెల్లటి పొర. ఆ కంటికి వెలుతురు తెలుస్తుంది, మనిషి తెలియడు.

నష్టపరిహారం అడగడానికి ఆయన హాజరు కాగితం కావాలంటే నేనే మిల్లుకు వెళ్లాను. ట్యాంకు పక్క గోడ మీద బోర్డు ఉంది, గుజరాతీలో, ఇంగ్లీషులో. దాని మేకులకు మనవాళ్ల చొక్కాలు వేలాడుతున్నాయి. చొక్కాలు జరిపి చదివాను. ఘనమీటరు గాలిలో కాస్టిక్ రెండు మిల్లీగ్రాములు దాటకూడదు, ఒక్క క్షణమైనా సరే. కంట్లో పడితే వెంటనే నీళ్లతో కడగాలి. నేను చదువుతున్నంతసేపూ దగ్గాను. నేను ఈ ఊళ్లోనే పుట్టి గుజరాతీ బడిలో చదువుకున్నదాన్ని. ఊరినుంచి వచ్చిన మావాళ్లకు ఆ అక్షరాలు గోడ మీద గీతలు. "ఈ గాలిని ఎప్పుడు కొలిచారు?" అని సూపర్‌వైజరును అడిగాను. "గాలి కనబడితే కదా బెన్, కొలిచేది!" అని నవ్వాడు, నోటితో అక్కా అంటూనే. ఒళ్లు మండిపోయింది. కాగితం అతని చేతిలో ఉంది కాబట్టి నోరు మూసుకున్నాను.

మా ఆయన మళ్లీ అదే మిల్లులో చేరాడు, మడతల ఖాతాలో, బట్ట మడిచే పనికి. అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పేవాడు: "మా ఇంటామె పాలు పోసింది గనక గీ మాత్రమన్న ఉన్నది." విన్నప్పుడల్లా నేను అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయేదాన్ని. ఒక ఆదివారం డుమస్‌లో, సముద్రం ఒడ్డు కొట్లో మన బజ్జీల్లాంటి వేడి భజియాలు తింటూండగా ఇక ఆపుకోలేకపోయాను.

"పాలు గాదయ్యా, నీళ్లు పొయ్యాల్సుండె. డాక్టరమ్మ ఆనాడే చెప్పింది. నీ కన్ను నేనే పోగొట్టిన."

"నాకెర్కనే" అన్నాడు. "కట్టు మార్చేటామె చెప్పింది."

"మరెందుకు అందరికి గట్ల చెప్తున్నవ్?"

"తోల్కొచ్చినోడు నా తమ్ముడు. పోసినామె నువ్వు. ఏమని చెప్పాలె?"

"రేపు ఇంకొకని కండ్ల పడితే? వాడు గూడ బాలింత ఇల్లు దేవులాడుకోవాల్నా?" అని అరిచాను. పక్కబల్లవాళ్లు తిరిగి చూశారు.

"తమ్మునికి తెలిస్తే వాడు బతకడు. నా మీద ఒట్టు, ఎవ్వరికి చెప్పకు."

ఒట్టు పెట్టాడు. పెట్టించుకున్నాను. ఇక్కడ పేర్లు రాయకపోవడం ఆ ఒట్టు కోసమే.

పోయిన నెల మా వీధిలోనే ఒక అమ్మాయికి కొడుకు పుట్టాడు. ఆమె మొగుడిది కూడా కాస్టిక్ ట్యాంకు దగ్గర పనే. చూడ్డానికి వెళ్లి, అందరూ లేచాక ఆమె దగ్గరికి జరిగి చెప్పాను: "ఎవ్వలన్న గిన్నె పట్టుకొని ఉరికొస్తే పాలియ్యకు చెల్లె. నల్లా కింద కూసోబెట్టి నీళ్లు పొయ్యి. ముందుగాల మిల్లులనే పోస్కొమ్మని మీ ఆయనకు చెప్పు."

ఆమె పిల్లవాణ్ణి గుండెకు అదుముకుని నన్ను ఎగాదిగా చూసింది.

"మీ ఆయనకైతే పోసుకున్నవ్ గదక్కా" అంది. "మా ఆయనకు పొయ్యద్దంటవా?"