పిలవని గడపకు ఐసుపెట్టె

పుంగనూరులో రెడ్డెప్ప అంటే చాలామందికి తెలియదు. ఐసుపెట్టె రెడ్డెప్ప అంటే తెలుసు గానీ తెలియనట్టు మొహం తిప్పుకుంటారు. దూరాన ఉన్న బంధువులు వచ్చి కడసారి చూసుకునేదాకా పోయినవాళ్ళను చెడకుండా ఉంచే అద్దాల పెట్టె ఒకటుంటుందే, దాన్ని అద్దెకిస్తాడు. ఒకప్పుడు టమోటాలు తోలిన వ్యానే ఇప్పుడు ఆ పెట్టెను మోస్తోంది. పొడుగాటి మనిషి, మెత్తటి మాట. చావు కబురు చల్లగా చెప్పడం ఆయనకే చెల్లిందని టీకొట్టు దగ్గర ఎగతాళి చేస్తారు. పాపం, ఆయన చెప్పేదేముంది? ఆయన వెళ్ళేసరికి కబురు అందరికీ తెలిసే ఉంటుంది. పెళ్ళి పత్రికలు ఇస్తారు, పెళ్ళికి మాత్రం రావద్దని కళ్ళతోనే చెబుతారు. ఆయనా వెళ్ళడు.

ఆయనకొక నియమం ఉంది. పిలవని ఊరికి పెట్టె పోకూడదు. చౌడేపల్లె వైపు వెళ్ళాల్సి వస్తే దారిలోని ఊళ్ళవాళ్ళకు కనబడకుండా పెట్టె మీద పట్ట కప్పి, చుట్టూ ఖాళీ టమోటా క్రేట్లు పేరుస్తాడు. ఊరి బయటే నిలబడి, చావింటి మనిషి ఎదురొచ్చి పిలిస్తే గానీ బండి కదిలించడు. జనానికీ ఒక నియమం ఉంది. ఆయన నంబరు ఎవరూ ఫోనులో దాచుకోరు. దాచుకుంటే పిలిచినట్టేనని భయం. కార్డు ఇస్తే మర్యాదగా తీసుకుని, ఆయన వెనుదిరగ్గానే పొలిమేర అవతల పారేస్తారు. అందుకే ఏ ఇంట్లో చావు జరిగినా ఆయన నంబరు కోసం మళ్ళీ మొదటినుంచీ వెతుకులాట. ఆ వెతుకులాటలో పలమనేరు పెట్టెవాళ్ళు ముందొచ్చేస్తున్నారు.

"అడగనిదే అమ్మైనా పెట్టదంటారే అన్నా. నువ్వుండావని తెలీకుంటే ఎవురు పిలస్తారు?" అంది అంబిక.

మదనపల్లె బస్టాండు వెనక చిన్న గదిలో కూర్చుని ఏసీ మెకానిక్కులకూ, బోరు మోటార్లు బాగుచేసేవాళ్ళకూ ఫోన్లలో ప్రకటనలు వేసిపెట్టే అమ్మాయి ఆమె. నదురూ బెదురూ లేని పిల్ల. మ్యాపు తెరిచి పుంగనూరు మీద ఒక గుర్తు గుచ్చి, దాని చుట్టూ గుండ్రంగా గీత గీసింది. ఆ గీత లోపల ఉన్న ఫోన్లకే రెడ్డెప్ప ప్రకటన వెళుతుందట. చేతులు జోడించిన ఆయన ఫోటో, పక్కన పెట్టె బొమ్మ, నంబరు, కింద "మీకు ఇన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నాం" అని ఒక అంకె. వ్యాను ఎంత దగ్గరగా ఉందో తెలిస్తే త్వరగా పిలుస్తారని ఆ అంకెను ఆయన ఫోనుకు ముడిపెట్టింది.

మొదట్లో తిట్లు తప్ప పని రాలేదు. పెళ్ళిళ్ళవాళ్ళకూ బాలింతల ఇళ్ళకూ ప్రకటన వెళ్ళిందంటే తిట్టరా మరి! అంబిక ఆ గుర్తును పీకి మదనపల్లెలోని ఒక పెద్దాసుపత్రి మీద గుచ్చింది.

"ఈడ కొన్ని దినాలు ఉండిపోయిన ఫోను ఇంటికి పోయినా మనకు తెలస్తాదన్నా. అది యాడికి పోతే మన ప్రకటన ఆడికి పోతాది."

"వాళ్ళు పిలవకుండానేనామ్మా?"

"పోయేది ఫోన్లోకి గదన్నా, ఇంట్లోకి కాదు."

రెడ్డెప్పకు మనసొప్పలేదు. అయినా ఫోను గడప కాదు కదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. అలా సర్దిచెప్పుకోవడంలో మనిషిని మించినవాడు లేడు.

పిలుపులు మొదలయ్యాయి. ఒకరోజు పొద్దున్నే చౌడేపల్లె దగ్గరి ఊరినుంచి ఫోనొస్తే వెళ్ళాడు. ఆ ఇంటి కోడలు ఊరి బయటికి ఎదురొచ్చి పిలుచుకుపోయింది. వాకిట్లో షామియానా లేదు, ఏడుపు లేదు. పంచలో మంచం మీద ఒక ముసలాయన దిండుకు ఆనుకుని గంజి తాగుతున్నాడు.

"ఎవురమ్మా పోయింది?" అన్నాడు రెడ్డెప్ప గొంతు తగ్గించి.

"ఆసుపత్రినించి వచ్చినప్పట్నించీ నీ బొమ్మ మా ఫోన్లో వస్తానే ఉండాదప్పా. డాక్టర్లు మాకు నోటితో చెప్పలేక ఇట్ల చెప్పిస్తాండారేమో అనుకుంటిమి. అందుకే నిన్ను పిలిస్తిమి."

ముసలాయన గిన్నె పక్కన పెట్టి రెడ్డెప్పను నిదానంగా చూశాడు. భయపడలేదు, కోప్పడలేదు. ఎదురుచూస్తున్న చుట్టాన్ని చూసినట్టు తలూపాడు.

"వస్తివా?" అన్నాడు.

రెడ్డెప్ప దండం పెట్టి, పరుగులాంటి నడకతో వెళ్ళి వ్యానెక్కాడు. పెద్దరోడ్డు చేరకముందే ఫోను మోగింది. అదే నంబరు. ఈసారి అవతల ఏడుపులు వినిపిస్తున్నాయి.

పిలిచారు కనక వెళ్ళాడు. గిన్నెలో గంజి ఇంకా మిగిలే ఉంది. పెట్టె దించాడు. ఎన్నో చావులు చూసినవాడికి, తానే తెచ్చిన చావు అనిపించింది మాత్రం ఇదే మొదలు.

అక్కడినుంచి నేరుగా మదనపల్లె వెళ్ళాడు. "ఆపేయమ్మా. ఇది పిలవని పేరంటం. నాకొద్దు" అన్నాడు. అంబిక వెంటనే ఆపేసి, ఆగిపోయినట్టు తెర మీద చూపించింది. "ఆయప్పకు ముందే బాగలేదన్నా, నువ్వేం జేస్తివి" అని ఓదార్చింది కూడా. రెడ్డెప్ప నమ్మాడు. నమ్మకపోతే నిద్ర పట్టేది కాదు.

ఆ వారంలోనే కుప్పంనుంచి మునిలక్ష్మి ఫోను చేసింది. రెడ్డెప్ప అక్క సిద్దమ్మకు కోడలు ఆమె. తల్లి లేని రెడ్డెప్పను చంకనెత్తుకుని పెంచింది ఆ అక్కే. చావుతో పని లేకుండా ఆయన గడప దాటే ఇల్లు లోకంలో అదొక్కటే. మొన్నీమధ్య ఆయాసమొస్తే తనే దగ్గరుండి అదే మదనపల్లె ఆసుపత్రిలో చేర్పించాడు. నయమై ఇంటికి వెళ్ళింది.

"మామా, అత్త నిన్నట్నించీ ఏమీ తినలా. ఆయమ్మ ఫోన్లో నీ బొమ్మ వస్తాండాది, పెట్టెతో."

రెడ్డెప్ప వెంటనే అంబికకు ఫోను చేశాడు. "ఆపేసినానన్నా, ఒట్టు. ఈడ ఆగిపోయిందనే సూపిస్తాండాది" అంది ఆ పిల్ల. ఆ మాటలో ఆమెకూ భయం పుట్టినట్టుంది.

ఇక అక్క ముందు వట్టి చేతులతో నిలబడితే తప్ప ఆమెకు ధైర్యం రాదనుకున్నాడు. వ్యాను జోలికి పోలేదు. బస్సెక్కి, పలమనేరులో మారి కుప్పం బస్సు పట్టుకున్నాడు. అక్కకు ఇష్టమని తమలపాకులు కొని సంచిలో పెట్టుకున్నాడు. వి.కోట దాటాక మునిలక్ష్మి మళ్ళీ ఫోను చేసింది.

"మామా, నువ్వు యాడుండావు?"

"బస్సులో వస్తాండానమ్మా. అక్కకు చెప్పొద్దు, నన్ను సూస్తే సంతోషపడతాది."

"చెప్పే పని లేదు మామా. పొద్దున నీ బొమ్మ కింద ఎనభై అనుండె. ఇప్పుడు ఇరవై అంటాండాది. ఆయమ్మ ఫోను కింద పెట్టడంల్యా. అంకె తగ్గేకొద్దీ ఊపిరి అందడంల్యా."

రెడ్డెప్ప తన ఫోనులో లొకేషన్ ఆపేశాడు. రెండుసార్లు చూసుకున్నాడు, ఆగే ఉంది.

"ఇప్పుడో?"

"పంతొమ్మిది" అంది మునిలక్ష్మి.

అక్కకు ఇమ్మన్నాడు. "అక్కా, నేను. వట్టి చేతుల్తో వస్తాండా. పెట్టె ఇంటికాడే ఉండాది."

అవతల పిల్లికూతల ఊపిరి వినిపించింది. దాని మధ్యే సిద్దమ్మ నెమ్మదిగా అంది. "నువ్వు వట్టి చేతుల్తోనే వస్తాండావు నాయినా. నాకు తెలుసు. నీ ముందర ఇంకేందో వస్తాండాది."

బస్సు శాంతిపురంలో ఆగింది. ఇంకాస్త దూరం వెళితే అక్కను చూడొచ్చు. చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది. చౌడేపల్లె ముసలాయన తలూపడం కళ్ళ ముందు మెదిలింది. రెడ్డెప్ప బస్సు దిగి, రోడ్డు దాటి, వచ్చిన దారినే వెనక్కి పోయే బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చుని, ఎవరు చూస్తే నాకేమని ఏడ్చాడు.

వి.కోటలో ఫోను మోగింది. "ముప్పై అంటాండాది మామా. అత్త లేచి కూర్చునింది."

పలమనేరులో మదనపల్లె బస్సుకు మారాక మళ్ళీ మోగింది. "అన్నం పెట్టమనింది మామా! రెండు ముద్దలు తినింది. నువ్వెట్లుండావో అడగమంటాండాది."

"బాగుండానని చెప్పమ్మా."

పుంగనూరు వచ్చింది. బస్సు ఆగింది, జనం దిగుతున్నారు. ఇక్కడ దిగితే అంకె ఎనభై దగ్గరే ఆగిపోతుంది. రెడ్డెప్ప లేవలేదు. కండక్టరును పిలిచి, మదనపల్లెకు టికెట్టు ఇమ్మన్నాడు.