మింగడం నేర్చుకున్న రోజులు

పెందుర్తిలో నేను నర్సుగా పనిచేసే హోం బయటినుంచి చూస్తే మామూలు రెండంతస్తుల ఇల్లే. లోపల గోడల వెంబడి పట్టుకుని నడవడానికి స్టీలు కడ్డీలు, ప్రతి మంచం పక్కనా బెల్లు, ఎప్పుడూ ఫినాయిలూ పౌడరూ కలిసిన వాసన. మంచం దిగలేని ముసలివాళ్ళూ, దిగినా ఎక్కడికి వెళ్ళాలో మరిచిపోయినవాళ్ళూ అక్కడ ఉంటారు. పక్కకి తిప్పి పడుకోబెట్టడం, వీపు మీద పుండు పడుతోందేమో చూడటం, నోరు కడగడం, అన్నం తినిపించడం మా పని. చూసేవాళ్ళకి సులువుగా కనబడే ఆ తినిపించడమే మాకు అన్నిటికన్నా కష్టం.

అది ఎంత కష్టమో నాకు తెలిసింది ఒక చేపలమ్మే మామ్మ దగ్గర. పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు గానీ మాట పోయింది. ఒక్క మాట మాత్రం ఎలాగో మిగిలింది: "ఓలమ్మ". ఆకలికీ అదే, కోపానికీ అదే, నొప్పికీ అదే. ఆమెకి పిల్లల్లేరు. మొగుడు ఇంకా సముద్రం మీద చేపల వేటకి పోతున్న మనిషి. పగలంతా ఆమెని చూసేవాళ్ళు ఇంట్లో లేరని, కాస్త కూర్చోగలిగేదాకా మా దగ్గర ఉంచాడు.

మొదటివారం ఆమె మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. స్నానానికి తీసుకెళ్ళి బట్టలు విప్పబోతే, పనిచేసే ఎడమ చేత్తో ఎక్కడ దొరికితే అక్కడ కొట్టేది. మా ఆయా చేతిమీద గోళ్ళ గీతలు పడ్డాయి. "మొండిఘటం" అని అందరూ అనుకున్నారు. నేను మల్కాపురంలో పెరిగినదాన్ని. మా వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు లంగా గుండెల మీదికి కట్టుకుని, దాని మీదే నీళ్ళు పోసుకోవడం చిన్నప్పటినుంచీ చూశాను. ఈమె కూడా జన్మలో ఎవరి ముందూ ఒంటిమీద బట్ట లేకుండా నిలబడి ఉండదని ఒక పొద్దున తోచింది. ఒక పాత లంగా తెచ్చి గుండెల మీదికి కట్టి, దాని మీదే గోరువెచ్చని నీళ్ళు పోశాను. కొట్టలేదు. కళ్ళు మూసుకుని తల నా పొట్టకి ఆనించింది. సబ్బు రాయడం పూర్తయ్యేదాకా అలాగే ఉంది.

స్నానం సంగతి అలా తేలింది. తిండి తేలలేదు. పక్షవాతం ఆమె గొంతుని కూడా పట్టింది. నీళ్ళు తాగిస్తే పొలమారేది. మెత్తగా కలిపిన పప్పన్నం పెడితే పళ్ళు బిగించేది. బలవంతాన ఒక చెంచా లోపలికి వెళ్ళినా, పడిపోయిన కుడి బుగ్గలో అలాగే ఉండిపోయేది. రోజురోజుకీ మెడ ఎముకలు తేలుతున్నాయి. వారానికోసారి వచ్చే డాక్టరు చూసి, "ఇలాగైతే ముక్కులోంచి గొట్టం వేయాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి అన్నం పోతే ఇంకా ప్రమాదం" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. కానీ ఆ ఎడమ చెయ్యి గొట్టాన్ని ఉండనివ్వదని నాకు తెలుసు. లాగేస్తుంది. అప్పుడు ఆ చేతిని మంచానికి కట్టాలి. ఆమెకి మిగిలిందే ఆ చెయ్యి.

ఆ మధ్యాహ్నం మొగుడు వచ్చాడు. వచ్చినప్పుడల్లా మంచానికి కాస్త దూరంగా స్టూలు మీద కూర్చుని, ముట్టుకుంటే ఏమవుతుందో అన్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకునేవాడు. గొట్టం సంగతి చెప్పాను. నా చేతిలో ఉన్న గిన్నెలోకి తొంగిచూశాడు.

"ఏటమ్మా అది, పప్పా?"

"అవును తాతా. మెత్తగా ఉంటాది కదా అని."

"అది పప్పు ముట్టదమ్మా. నాను కట్టుకున్న కాడ్నుంచీ సూత్తన్నాను. సేప లేని రోజు గంజి తాగి పడుకుంటాది గానీ పప్పు తినదు."

అన్ని రోజులుగా ఆమె మూసుకున్న నోటితో మాకు చెబుతున్నది ఇదేనేమో. అయితే మా హోం వంటగదిలో నీసు వండరు. పైగా అదే గదిలో, కిటికీ పక్క మంచం మీద, స్టీల్ ప్లాంటులో రిటైరైన ఉద్యోగి భార్య ఒకావిడ ఉండేవారు. గోదావరి జిల్లానుంచి భర్త ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. గుడ్డు వాసన కూడా పడదు. మా మేనేజరమ్మని అడిగితే, "బయటినుంచి తెచ్చుకుంటే సరే. కానీ గదిలో ఆవిడ ఒప్పుకోవాలి" అంది.

నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, ఎలా మొదలుపెట్టాలా అని దుప్పటి సర్దుతున్నాను. ఆవిడే అడిగేశారు.

"ఆ చేపల సంగతేనా? ఇందాకంతా విన్నాను లేవమ్మా. నాకు కాళ్ళు పోయాయి గానీ చెవులు బానే ఉన్నాయి."

"మీకు వాసన..."

"పడదు. కడుపులో తిప్పేస్తుంది. ఆవిడ తినేటప్పుడు నన్ను వరండాలో కూర్చోబెట్టేయ్. ముక్కులో గొట్టం పెట్టించుకుని పక్క మంచం మీద పడుంటే నేను చూడగలనా?"

డాక్టరుకి ఫోన్ చేసి కొన్నాళ్ళు గడువడిగాను. జ్వరం గానీ దగ్గు గానీ వస్తే వెంటనే ఆపేయాలన్నాడు. ఒప్పుకున్నాను.

మర్నాడు తాత స్టీలు టిఫిను క్యారియరు పట్టుకుని బస్సు దిగాడు. ముల్లు ఉండదని సొరచేప ఉడకబెట్టి, పొడి చేసి, పిట్టు చేయించి, కాస్త పులుసుతో సహా తెచ్చాడు. పొడిపొడిగా ఉన్నది గొంతులో చెదిరి పొలమారుతుందని, అందులో మెత్తటి అన్నమూ చిక్కటి పులుసూ వేసి నేనే ముద్దగా మెదిపాను. మామ్మని మంచం మీద నిటారుగా కూర్చోబెట్టి వీపుకి దిళ్ళు పెట్టాం. గిన్నె దగ్గరికి తేగానే ఆమె ముక్కుపుటాలు కదిలాయి.

"నువ్వే పెట్టు తాతా" అన్నాను.

"నానా పెట్టేది! పొలమారితే?"

"నేను పక్కనే ఉన్నాను. చిన్న ముద్ద, ఎడం బుగ్గలో పెట్టాలి. గెడ్డం కిందికి దించి మింగమను. మింగిందని తెలిసేదాకా రెండోది పెట్టకూడదు."

వలలు లాగి కాయలు కాసిన ఆ చేత్తో చెంచా కొసన చిన్న ముద్ద తీశాడు. ఆమె నోరు తెరిచింది. మాకెవరికీ తెరవని నోరు. ముద్ద లోపలికి వెళ్ళింది. గొంతు మీది ముడి పైకి లేచి కిందికి దిగేదాకా మేమిద్దరం చూస్తూనే ఉన్నాం.

"మింగేసింది!" అన్నాడు తాత. మరుక్షణం ఆమెని కసిరాడు, "నిదానంగా తినవే, ఎవలు లాక్కుపోతన్నారు?" కసురుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

వరండాలోంచి కేక వినబడింది. "తిందా?"

"తిందమ్మగారూ" అన్నాడు తాత.

అన్ని రోజులూ అలా సాగలేదు. కొన్నాళ్ళు రెండు ముద్దలకే అలిసిపోయేది. ఒకసారి పొలమారి మొహం ఎర్రబడి, నేను ముందుకి వంచి వీపు చరిచేసరికి తాత చెంచా గిన్నెలో పడేసి గోడదాకా వెనక్కి జరిగాడు. మర్నాడు రాడేమో అనుకున్నాను. వచ్చాడు. వేట మానేసి, ఒడ్డున వలలు బాగుచేసే పనికి కుదిరానని చెప్పాడు. తిన్నాక బుగ్గలో ఏమైనా ఉండిపోయిందేమో వేలికి గుడ్డ చుట్టి చూడటం, వెంటనే పడుకోబెట్టకుండా కబుర్లు చెబుతూ కూర్చోబెట్టడం, ఒరిపిడి పడకుండా ఎత్తి పక్కకి తిప్పడం ఒక్కొక్కటే నేర్చుకున్నాడు. స్టూలు మంచానికి దగ్గరగా జరిగింది. కొన్నాళ్ళకి స్టూలు వదిలేసి మంచం అంచునే కూర్చుని, ఆమె తల దువ్వడం మొదలుపెట్టాడు.

డాక్టరు మళ్ళీ గొట్టం ఊసెత్తలేదు. వానలు తగ్గాక ఒక పొద్దున తాత ఆటో తీసుకొచ్చి, "ఇంక నాను సూసుకుంటానమ్మా" అని ఆమెని ఇంటికి తీసుకెళ్ళిపోయాడు. మా హోంనుంచి ఒక మనిషి బతికి ఇంటికి వెళ్ళడం అరుదు. ఆయా సంతోషంతో ఆటో వెనకాల గేటు దాటి కొంతదూరం నడిచింది.

కిటికీ పక్క ఆవిడ మాత్రం నీరసపడిపోయారు. మధ్యాహ్నం భోజనాల వేళ, గదిలో ఇప్పుడు చేప వాసన లేకపోయినా వరండాలో కూర్చోబెట్టమనేవారు. ఒకరోజు, "ఓసారి ఆవిడని చూసొద్దామా?" అన్నారు. వాళ్ళ అమ్మాయినీ మేనేజరమ్మనీ అడిగి, నా సెలవురోజున ఆటోలో తీసుకెళ్ళాను.

పడవలు నిలిపే ఒడ్డుకి ఆనుకుని సన్నటి సందులో ఇల్లు. గుమ్మం ముందు కుర్చీలో మామ్మ కూర్చుని ఉంది, వీపు వెనక పాత వలని మడిచి దిండులా పెట్టాడు తాత. ఒళ్ళు కాస్త పట్టింది. తాతా నేనూ ఆటోలోంచి ఎత్తి తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టగానే గోదావరి ఆవిడకేసి ఎడమ చెయ్యి చాపింది. చుట్టూ ఎండుచేపలు ఆరేసి ఉన్నాయి. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోబోయి మానేసి, ఆ చేతిని రెండు చేతుల్తో పట్టుకున్నారు. టీ తాగినంతసేపూ ఇద్దరూ అలాగే కూర్చున్నారు. ఆవిడ తన మోకాళ్ళ సంగతీ, కొత్తగా వచ్చిన వంటమనిషి సంగతీ చెబుతుంటే ఈమె తలూపుతూ వింది.

బయల్దేరబోతే మామ్మ ఆవిడ చెయ్యి వదల్లేదు. తాత వంగి ఒక్కొక్క వేలూ నెమ్మదిగా విడదీయాల్సి వచ్చింది.

తిరుగుదారిలో కంచరపాలెం దగ్గర ట్రాఫిక్కులో ఆగిపోయాం.  ఆవిడ నా భుజం తట్టి, "నీకు మళ్ళీ సెలవెప్పుడమ్మా?" అని అడిగారు.